ఎంఏ డిసర్టేషన్: గైడ్ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళకండి

నాలుగో సెమిస్టర్ మొదలవ్వగానే క్యాంటీన్‌లో అందరూ అడిగేది ఒకటే, "నీకు గైడ్ ఎవరొచ్చారు?" అని. సార్ మంచోడా, మేడమ్ కరెక్షన్స్ ఎక్కువ చెప్తారా, సైన్ తొందరగా పెడతారా లేదా, ఇవే చర్చలు. సగం మంది డిసర్టేషన్, అంటే ఎంఏ చివర్లో రాసే పరిశోధన రిపోర్ట్, బాగా రాకపోతే దాన్ని దగ్గరుండి దిద్దే లెక్చరర్ని, అంటే గైడ్‌ని అంటారు, బాగా వస్తే మాత్రం క్రెడిట్ తామే తీసుకుంటారు, అది వేరే విషయం అనుకోండి. గైడ్ ఎంత గొప్పవాళ్ళైనా మీరు కాగితం మీద పెట్టినదాన్నే దిద్దగలరు, మీ బుర్రలో తిరుగుతున్నదాన్ని దిద్దలేరు. రెండు పేజీలు రాసుకుని వెళ్తే, అవి ఎంత ఘోరంగా ఉన్నా సరే, అరగంటలో మీకు పనికొచ్చేవి నాలుగు దొరుకుతాయి. ఏమీ లేకుండా వెళ్ళి "ఎలా చెయ్యమంటారు మేడమ్" అంటే "ముందు కొంచెం చదువమ్మా" అనే జవాబు వస్తుంది, అందులో వాళ్ళ తప్పేం లేదు.

ఇది ఎకనామిక్స్, సోషియాలజీ, సోషల్ వర్క్, పొలిటికల్ సైన్స్, రూరల్ డెవలప్‌మెంట్ లాంటి సబ్జెక్టుల వాళ్ళ కోసం, అంటే ఊళ్ళోకి వెళ్ళి జనంతో మాట్లాడి డేటా తెచ్చుకునేవాళ్ళ కోసం. ల్యాబ్ వాళ్ళకి సగమే పనికొస్తుంది. మొదట్నుంచి చివరిదాకా ఒకటే ఉదాహరణ పట్టుకుని చెప్తాను, కౌలు రైతులు. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఏటా ఎవరో ఒకరు ఈ టాపిక్ తీసుకుంటూనే ఉంటారు, ఎక్కువమంది దీన్నే పాడు చేస్తుంటారు కూడా.

టాపిక్ చిన్నది చెయ్యడం

"ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల సమస్యలు" అని రాసుకెళ్తే ఏ గైడైనా సరే కానివ్వమంటారు, ప్రమాదం అక్కడే ఉంది. అది పేపర్‌లో ఎడిటోరియల్ హెడ్డింగ్‌లా ఉంటుంది తప్ప దాంట్లో ప్రశ్న లేదు. ప్రశ్న లేకపోతే ఎవర్ని కలవాలో తెలీదు, ఎంతమందిని కలవాలో తెలీదు, ఎక్కడ ఆపాలో అసలే తెలీదు.

అదే టాపిక్‌ని తవ్వితే ఏమొస్తుందో చూడండి. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారుల కోసం ఒక చట్టం తెచ్చారు, దాని కింద రుణ అర్హత కార్డులు ఇచ్చారు. తర్వాత 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, దీంట్లో 11 నెలలకి ఒప్పందం, సీసీఆర్‌సీ అనే కార్డు (పంట సాగుదారు హక్కు కార్డు), కార్డు ఉంటే పంట రుణం, ఇన్సూరెన్స్, ఇన్‌పుట్ సబ్సిడీ లాంటివి అడగొచ్చు. మెలిక ఏంటంటే ఈ చట్టంలో ఒప్పందం మీద భూమి యజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే భూమి పోతుందేమో అని యజమాని భయం, అడిగితే వచ్చే ఏడాది కౌలే ఇవ్వడేమో అని రైతు భయం. ఇప్పుడు ప్రశ్న దానంతటదే వస్తుంది కదా: ఈ రెండు ఊళ్ళలో కౌలు చేస్తున్నవాళ్ళలో కార్డు ఎవరికొచ్చింది, రానివాళ్ళకి ఏ కారణంగా రాలేదు? కొంచెం తెలివిగా చెయ్యాలంటే యజమానులు ఎక్కువమంది ఊళ్ళోనే ఉండే ఊరు ఒకటి, యజమానులు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండే ఊరు ఇంకోటి తీస్కోండి, పోల్చడానికి దొరుకుతుంది. ఎంఏకి ఇది చాలు, నిజానికి ఎక్కువే.

తెలంగాణ వాళ్ళైతే రైతుబంధు మీద ఇలాంటిదే అడగొచ్చు. 2018లో ఎకరానికి సీజన్‌కి 4000తో మొదలైన ఆ స్కీమ్ డబ్బు పాస్‌బుక్ ఉన్న పట్టాదారు అకౌంట్‌లోనే పడేది, కౌలుదారుకి రాలేదు. మరి ఆ డబ్బు పడ్డాక కౌలు రేటు తగ్గిందా, పెరిగిందా, అలాగే ఉందా? ఒక మండలంలో నలభై యాభై ఇళ్ళు తిరిగితే దీనికి ఎంతో కొంత జవాబు దొరుకుతుంది.

టాపిక్ ఫిక్స్ చేసుకునే ముందు మిమ్మల్ని మీరు ఒకటే అడుక్కోండి, ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగే మనుషులు ఎవరు, వాళ్ళు ఎక్కడుంటారు, నాతో ఎందుకు మాట్లాడతారు? మూడో దానికి జవాబు లేకపోతే టాపిక్ మార్చెయ్యండి. మీ అమ్మమ్మ ఊరో మేనమామ ఊరో అయితే మాట్లాడతారు, అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, ఆ ఊరు ఎందుకు ఎంచుకున్నారో మెథడాలజీలో ఓపెన్‌గా రాసేస్తే సరిపోతుంది. అయితే మీ చుట్టాలు భూమి యజమానులైతే కౌలుదారులు మీకు నిజం చెప్పరు, అది కూడా ఆలోచించుకోవాలి.

గైడ్‌ని ఎంచుకునే అవకాశం ఉంటే

చాలా యూనివర్సిటీల్లో గైడ్‌ని వాళ్ళే అలాట్ చేస్తారు. కొన్ని చోట్ల ప్రిఫరెన్స్ అడుగుతారు, అలాంటప్పుడు ఎవరు సరదాగా ఉంటారు అన్నది కాకుండా ఎవరు దేనిమీద పనిచేశారో చూడండి. శోధ్‌గంగలో, అంటే గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే పీహెచ్‌డీ థీసిస్‌ల సైట్‌లో, గైడ్ పేరుతో వెతికితే వాళ్ళ కింద ఎలాంటి థీసిస్‌లు వచ్చాయో కనిపిస్తుంది. ఒకటి రెండు ఓపెన్ చేసి చాప్టర్లు ఎలా విడగొట్టారో చూస్తే వాళ్ళ టేస్ట్ అర్థమైపోతుంది. వాళ్ళ దగ్గరున్న రీసెర్చ్ స్కాలర్స్‌తో ఒకసారి టీ తాగండి, "సార్‌కి ఏది నచ్చదు?" అని అడగండి, అన్నిటికంటే విలువైన సమాచారం అదే. టేబుల్ కింద సోర్స్ లేకపోతే పేజీ తిప్పరు అనో, మెసేజ్ పెడితే చూడరు, ప్రింట్ తీసి ఇవ్వాలి అనో చెప్తారు.

మొదటి మీటింగ్‌కి ఒకే ఒక్క పేజీ తీసుకెళ్ళండి. పైన ప్రశ్న, కింద ఎందుకు ఈ ప్రశ్న అని ఐదారు లైన్లు, ఎవర్ని కలుస్తాను, ఎప్పుడు కలుస్తాను, ఇప్పటిదాకా చదివినవి మూడు. అంతే. దానికింద మీకు తేలని విషయాలు రెండు రాసుకోండి, "ఒక ఊరు తీసుకోవాలా రెండా?" లాంటివి. గైడ్ ఆ పేజీ మీద పెన్నుతో గీతలు పెట్టడం మొదలుపెట్టారంటే మీ పని మొదలైనట్టే.

మీటింగ్ అయిపోయిన రోజు రాత్రే వాళ్ళు ఏం చెప్పారో మీకు అర్థమైనట్టు రాసి పంపించండి. ఇలా: "నమస్తే మేడమ్. ఇవాళ మీరు చెప్పినవి: ఒకటి, మూడో ఆబ్జెక్టివ్ తీసెయ్యాలి. రెండు, యజమానుల్ని కూడా కనీసం పదిమందిని కలవాలి. మూడు, వచ్చే శుక్రవారానికి క్వశ్చనీర్ డ్రాఫ్ట్ ఇవ్వాలి. ఏదైనా వదిలేస్తే చెప్పండి మేడమ్." చూడ్డానికి చిన్న పనే, కానీ రెండు నెలల తర్వాత "నేనెప్పుడు తీసెయ్యమన్నాను?" అన్నప్పుడు ఇది కాపాడుతుంది. గైడ్‌లకి పదిమంది స్టూడెంట్స్ ఉంటారు, మీది గుర్తుపెట్టుకోవడం వాళ్ళ పని కాదు.

సినాప్సిస్, అంటే డిసర్టేషన్ ఎలా చేస్తారో ముందే రాసిచ్చే ప్లాన్, దాని గురించి ఎక్కువ చెప్పను, మీ డిపార్ట్‌మెంట్‌లో ఫార్మాట్ ఉంటుంది, సెమినార్ లైబ్రరీలో పాత డిసర్టేషన్లు ఉంటాయి, చూసి రాయండి. ఒక్క మాట, ఆబ్జెక్టివ్స్ మూడు దాటితే మీరు పీహెచ్‌డీ రాస్తున్నట్టు. "సమస్యలకు పరిష్కారాలు సూచించుట" అనే ఆబ్జెక్టివ్ అందరూ పెడతారు, తీసెయ్యండి, దానికి డేటా ఎక్కడ్నుంచి తెస్తారు చెప్పండి.

చదవడం

రివ్యూ ఆఫ్ లిటరేచర్ అంటే ముప్పై పేపర్ల అబ్‌స్ట్రాక్ట్‌లు వరసగా పెట్టి "ఫలానా ఆయన 2009లో ఇలా అన్నారు, ఫలానా ఆవిడ 2014లో ఇలా అన్నారు" అని రాయడం కాదు. నిజమే, సగం డిసర్టేషన్లు ఇలాగే ఉంటాయి, పాస్ కూడా అయిపోతాయి. కానీ మీరు చదివినవాటిని రచయిత పేరుతో కాకుండా వాదనతో విడగొడితే ఆ చాప్టర్ మీకే పనికొస్తుంది. కౌలు చట్టాలు పనిచెయ్యవు, ఎందుకంటే ఒప్పందాలన్నీ నోటిమాటే అనేవాళ్ళు ఒకవైపు, కౌలుని చట్టబద్ధం చేసేస్తే భూమి మార్కెట్ బాగుపడుతుంది అనేవాళ్ళు ఇంకోవైపు, అసలు కౌలుదారుల కులం చూడకుండా మాట్లాడటం దండగ అనేవాళ్ళు మూడోవైపు. ఈ ముగ్గురి మధ్య మీ ప్రశ్న ఎక్కడ నిలబడుతుంది, అది చెప్పగలిగితే రివ్యూ అయిపోయినట్టే.

పేపర్లు ఎక్కడ దొరుకుతాయి అంటే, గూగుల్ స్కాలర్‌లో ఒక మంచి పేపర్ పట్టుకుని దాని కింద "సైటెడ్ బై" నొక్కితే తర్వాత వచ్చినవన్నీ వస్తాయి. కొత్తగా వెతకడం కంటే ఇదే ఫాస్ట్. మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద పెద్ద పెద్ద పబ్లిషర్ల జర్నల్స్ ఓపెన్ అవ్వాలి, లైబ్రరీలో అడిగి లాగిన్ తీసుకోండి, చాలామందికి అది ఉందనే తెలీదు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో మన ప్రాంతం మీద దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు కదా, అప్పుడు ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ రిపోర్ట్ లాంటివి మన టాపిక్‌కి బంగారం.

పాత తెలుగు పత్రికలు కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918 నాటి లైబ్రరీ, హైదరాబాద్‌లో అయితే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. వెళ్ళేముందు ఫోన్ చేసి, డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్ పట్టుకెళ్ళండి.

అంకెల విషయంలో జాగ్రత్త. నేషనల్ శాంపుల్ సర్వే 77వ రౌండ్, అంటే 2019లో చేసినది, దాని ప్రకారం కౌలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంటుంది. అదే అగ్రికల్చర్ సెన్సస్ చూస్తే కౌలు చాలా తక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే అది ప్రధానంగా రెవెన్యూ రికార్డుల మీద ఆధారపడుతుంది, నోటిమాట కౌలు రికార్డుల్లోకి ఎక్కదు. ఈ తేడాని పట్టుకుని ఒక పేజీ రాయండి, ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్, అక్కడే ఆగి చదువుతారు. జిల్లా లెక్కలకి చీఫ్ ప్లానింగ్ ఆఫీస్ వేసే హ్యాండ్‌బుక్ ఉంటుంది. మండలంలో ఎన్ని కార్డులిచ్చారు లాంటివి కావాలంటే ఆర్టీఐ వెయ్యండి, జవాబుకి వాళ్ళకి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి మొదటి నెలలోనే వేసెయ్యాలి, మార్చిలో వేస్తే బైండింగ్ అయ్యాక వస్తుంది.

చదివిన ప్రతిదీ మొదటిరోజు నుంచి జొటేరోలో పడెయ్యండి. ఫ్రీ సాఫ్ట్‌వేర్, వర్డ్‌లో రిఫరెన్స్ లిస్ట్ అదే తయారుచేస్తుంది. పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పెట్టుకుని చివరి వారం రిఫరెన్సులు టైప్ చేసుకుంటూ కూర్చునేవాళ్ళని ప్రతి ఏడూ చూస్తుంటా, ఆ బాధ ఎందుకు.

ఊళ్ళోకి వెళ్ళడం

క్వశ్చనీర్ ఇంగ్లీష్‌లో తయారుచేసి గైడ్ సైన్ చేయించుకుంటారు, ఊళ్ళోకెళ్ళి అక్కడికక్కడ నోటికొచ్చినట్టు తెలుగులోకి మార్చి అడుగుతారు, ఒక్కో ఇంట్లో ఒక్కోలాగ. అప్పుడు డేటా అంతా గందరగోళం. తెలుగులోనే, అదీ ఆ ఊళ్ళో మాట్లాడే తెలుగులో రాసుకోండి. గోదావరి వైపు "రెంట్ ఎంత" అంటే ఎవరూ చెప్పరు, "ఎకరానికి ఎన్ని బస్తాలు కొలుస్తున్నారండి, దాళ్వాకి ఎంత, సార్వాకి ఎంత" అనాలి (దాళ్వా అంటే రబీ పంట, సార్వా అంటే ఖరీఫ్ పంట). ఆ బస్తా 75 కేజీలా, వేరేదా అని కూడా అక్కడే అడిగి రాసుకోండి, తర్వాత క్వింటాల్లోకి మార్చేటప్పుడు తల పట్టుకోకుండా. అసలు ఊళ్ళోకి వెళ్ళేముందు నలుగురైదుగురి మీద ట్రై చేసి చూడండి, ఏ ప్రశ్న దగ్గర మొహం చిట్లిస్తున్నారో తెలుస్తుంది. ఆదాయం, అప్పు, కులం, ఇవి చివర్లో పెట్టండి. అప్పటికి కాస్త నమ్మకం కుదురుతుంది.

టైమ్ గురించి గైడ్‌తో తప్పకుండా మాట్లాడండి, ఎందుకంటే సెమిస్టర్ క్యాలెండర్‌కీ పొలం క్యాలెండర్‌కీ సంబంధం ఉండదు. డెల్టాలో దాళ్వా నాట్లు డిసెంబర్, జనవరి, కోతలు ఏప్రిల్. కోతల్లో ఎవరూ మీకోసం కూర్చోరు, ఫిబ్రవరి, మార్చి సాయంత్రాలు బెస్ట్. ఇంకో సంగతి, బయట ఉండే భూమి యజమానులు సంక్రాంతికి ఊరొస్తారు. కనుమ వెళ్ళిన మర్నాటి నుంచి కార్లు వెనక్కి వెళ్ళిపోతాయి. యజమానుల ఇంటర్వ్యూలు కావాలంటే ఆ నాలుగు రోజులే, కాబట్టి వాళ్ళ వరకు ఒక చిన్న ప్రశ్నల లిస్ట్ ముందే గైడ్‌కి చూపించి రెడీగా ఉంచుకోండి.

కౌలుదారుని యజమాని ముందు అడగొద్దు, యజమాని తమ్ముడి ముందూ అడగొద్దు, రచ్చబండ దగ్గర పదిమందిలో అడగొద్దు. రైతు సేవా కేంద్రం స్టాఫ్‌ని వెంటేసుకుని తిరిగితే ఇళ్ళు సులువుగా దొరుకుతాయి కానీ అందరూ "కార్డు వచ్చిందండి, అంతా బాగానే ఉందండి" అంటారు. ఒంటరిగా వెళ్ళండి, లేదా అదే ఊరి కాలేజీ పిల్లల్లో ఒకర్ని తీసుకెళ్ళండి. మొదలుపెట్టేముందు మీరెవరు, ఇది ఎందుకు, పేరు ఎక్కడా రాయను, ఇష్టం లేకపోతే ఆపెయ్యొచ్చు అని చెప్పండి. "మాకేం వస్తుందమ్మా దీనివల్ల?" అని తప్పకుండా అడుగుతారు. ఏమీ రాదు, నా చదువు కోసం అని చెప్పండి. స్కీమ్ వస్తుందని ఆశపెట్టడం చాలా చెడ్డ పని.

ఎంతమంది కావాలి అనేది అందరూ అడిగే ప్రశ్న. నలభై నుంచి అరవై ఇళ్ళు, దాంతోపాటు పదిమందితో బాగా వివరంగా మాట్లాడిన ఇంటర్వ్యూలు ఉంటే ఎంఏకి సరిపోతుంది అని నా అభిప్రాయం, కానీ మీ గైడ్ ఎంతంటే అంత. రాండమ్ శాంపుల్, అంటే లాటరీ తీసినట్టు ఎంచుకున్న ఇళ్ళు, కాకపోతే రాండమ్ అని రాయకండి, తెలిసినవాళ్ళ ద్వారా తెలిసినవాళ్ళని పట్టుకున్నాను అని రాస్తే తప్పేం లేదు, దానికీ ఒక పేరుంది, స్నోబాల్ అంటారు. అబద్ధం రాస్తే మాత్రం వైవాలో, అంటే చివర్లో జరిగే మౌఖిక పరీక్షలో, ఒక్క ప్రశ్నకే బయటపడుతుంది.

ఫీల్డ్ నోట్స్ ఆ రాత్రే రాయాలి, రేపటికి సగం పోతాయి. ఎక్సెల్‌లో ఒక ఇల్లు ఒక వరస, పేరు బదులు నంబర్, పేర్ల లిస్ట్ వేరే ఫైల్లో. నాలుగైదు ఇళ్ళు అవ్వగానే ఆ షీట్‌ని గైడ్‌కి చూపించండి, అన్నీ అయ్యేదాకా ఆగొద్దు. ఉదాహరణకి ఆంధ్రప్రదేశ్‌లో రైతులకి పెట్టుబడి సాయంగా ఇచ్చిన రైతు భరోసా స్కీమ్ డబ్బు కొత్తల్లో కౌలుదారుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే ఇచ్చేవాళ్ళు, ఓసీ కౌలుదారుకి కార్డు ఉన్నా ఆ డబ్బు వచ్చేది కాదు. మీ షీట్‌లో కులం కాలమ్ లేకపోతే "కార్డు ఎందుకు తీసుకోలేదు" అన్న ప్రశ్నకి సగం జవాబు మిస్ అయినట్టే. ఇలాంటిది ఐదో ఇంటి దగ్గర గైడ్ కనిపెడితే సరిదిద్దుకోవచ్చు, యాభయ్యో ఇంటి దగ్గర కనిపెడితే మళ్ళీ బస్సెక్కాలి.

రాయడం, దిద్దించుకోవడం

ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టకండి. ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టినవాళ్ళు "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం" అని రాసి అక్కడే నెల రోజులుంటారు. మెథడాలజీ ముందు రాయండి, చేసింది చేసినట్టు రాయడమే కాబట్టి సులువు. తర్వాత డేటా చాప్టర్, తర్వాత రివ్యూ, చివర్లో ఇంట్రో, కన్‌క్లూజన్.

డేటా చాప్టర్‌లో ఎక్కువమంది చేసేది, టేబుల్ పెట్టి దానికింద అదే టేబుల్‌ని వాక్యాల్లో మళ్ళీ చదవడం. ఇంతమందికి కార్డు ఉంది, ఇంతమందికి లేదు అని. అది టేబుల్‌లోనే కనిపిస్తోంది కదా! కింద రాయాల్సింది ఎందుకు అనేది. యజమాని ఊళ్ళో ఉన్నచోట కార్డులు ఎక్కువున్నాయా తక్కువున్నాయా, బంధువులైతే ఏంటి, వేరే కులమైతే ఏంటి, ఒక రైతు చెప్పిన మాట ఏంటి. రైతు మాటని తెలుగులోనే పెట్టి కింద ఇంగ్లీష్ ఇవ్వండి, గైడ్ వద్దంటే తప్ప. తెలుగు టైప్ చేసేటప్పుడు యూనికోడ్ వాడండి, జిరాక్స్ షాప్ వాళ్ళు యూనికోడ్ కాని "అను" ఫాంట్స్‌లో కొట్టిస్తే వేరే కంప్యూటర్లో ఓపెన్ చేసేసరికి అక్షరాలన్నీ పిచ్చి గుర్తులైపోతాయి.

ఇంగ్లీష్ భయం ఉన్నవాళ్ళకి ఒక ఉపాయం. చెప్పాలనుకున్నది ముందు తెలుగులో ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, పక్క రూమ్ ఫ్రెండ్‌కి చెప్తున్నట్టు. తర్వాత విని చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాలుగా రాయండి. గైడ్‌లకి కావాల్సింది పెద్ద పెద్ద పదాలు కాదు, మీరు ఏమంటున్నారో తెలియడం. చాట్‌జీపీటీ లాంటివి గ్రామర్ చూడటానికి వాడొచ్చా లేదా అనేది గైడ్‌ని ముందే అడిగేసి, ఒప్పుకుంటే వాడినట్టు రాసెయ్యండి. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగొద్దు, లేని పేపర్లని ఉన్నట్టే పేజీ నంబర్లతో సహా ఇస్తుంది, గైడ్ ఒక్కటి వెతికి దొరకలేదంటే మిగతా డిసర్టేషన్ మొత్తం మీద అనుమానం వస్తుంది.

చాప్టర్ చాప్టర్‌గా ఇవ్వండి, అంతా అయ్యాక ఒకేసారి కాదు. ఫైల్ పేరులో తేదీ పెట్టండి, "ఫైనల్", "ఫైనల్ ఫైనల్" అని పెడితే ఏది లేటెస్టో మీకే తెలీదు. కరెక్షన్స్ వచ్చాక ఒక చిన్న పట్టిక చేస్కోండి, గైడ్ ఏమన్నారు, నేనేం చేశాను, ఏ పేజీలో. తర్వాతి డ్రాఫ్ట్‌తో పాటు అది కూడా ఇస్తే వాళ్ళు మొత్తం మళ్ళీ చదవక్కర్లేదు, అందుకే జవాబు కూడా తొందరగా వస్తుంది. గైడ్ చెప్పింది మీకు తప్పనిపిస్తే మౌనంగా వదిలెయ్యకండి, అలాగని వాదనకీ దిగకండి. "మేడమ్, మీరు చెప్పినట్టు చూశాను, కానీ ఈ పన్నెండు ఇళ్ళలో ఇలా ఉంది, ఏం చెయ్యమంటారు?" అని డేటా చూపించండి. డేటా ముందు పెడితే చాలామంది గైడ్‌లు ఒప్పుకుంటారు, కొందరు సంతోషిస్తారు కూడా.

జవాబు రాకపోతే? వారం ఆగండి, ఒక మర్యాదైన రిమైండర్ పెట్టండి, అప్పటికీ లేకపోతే క్లాస్ అయ్యే టైమ్‌కి ప్రింట్ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడండి. మన దగ్గర ఈమెయిల్ కంటే గుమ్మం బాగా పనిచేస్తుంది. ఇంకా కుదరకపోతే హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్ళొచ్చు, కానీ కంప్లైంట్‌లా కాకుండా "సార్ బిజీగా ఉన్నారు, రెండో చాప్టర్ ఎవరికి చూపించమంటారు" అని అడగండి, సెమిస్టర్ మిగిలింది కదా.

ప్లేజియరిజం, సబ్మిషన్, వైవా

ప్లేజియరిజం అంటే వేరేవాళ్ళ రాతని మన రాతగా చూపించడం. 2018లో యూజీసీ తెచ్చిన రూల్స్ ప్రకారం వేరేవాళ్ళ రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే పెనాల్టీ లేదు, 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల లోపు ఇచ్చిన గడువులో సరిచేసి ఇవ్వాలి, 40 దాటి 60 వరకు అయితే ఏడాది పాటు మళ్ళీ సబ్మిట్ చెయ్యనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కోట్ పెట్టి సోర్స్ ఇచ్చినవి, రిఫరెన్స్ లిస్ట్ లాంటివి లెక్కలోకి రావు. మీ యూనివర్సిటీ సొంత రూల్ ఇంకా కఠినంగా ఉండొచ్చు, లైబ్రరీలో అడగండి. రిపోర్ట్ డెడ్‌లైన్ ముందురోజు కాకుండా రెండు వారాల ముందే ఒకసారి తీయించుకోండి, చివరి రోజుల్లో లైబ్రరీ దగ్గర క్యూ ఉంటుంది. శాతం తగ్గించడానికి పదాలు మార్చే సాఫ్ట్‌వేర్లు వాడితే వాక్యాలు ఎవరికీ అర్థంకాని ఇంగ్లీష్‌లోకి మారిపోతాయి, గైడ్‌కి రెండో లైన్లోనే తెలిసిపోతుంది. పుస్తకం మూసేసి మీకు గుర్తున్నది రాయండి, తర్వాత పుస్తకంతో సరిచూసుకుని సోర్స్ ఇవ్వండి, అంతకంటే మంచి పద్ధతి లేదు.

బైండింగ్‌కి ఇచ్చేముందు ఎడమవైపు మార్జిన్ ఎక్కువ వదిలారా, సర్టిఫికెట్ పేజీలో గైడ్ పేరు, డిజిగ్నేషన్ స్పెల్లింగ్ సరిగ్గా ఉన్నాయా, టేబుల్ నంబర్లు వరసగా ఉన్నాయా చూసుకోండి. గైడ్ ఊళ్ళో ఉన్నారా లేదా అన్నది వారం ముందే కనుక్కోండి, ప్రతి బ్యాచ్‌లోనూ సైన్ కోసం గైడ్ ఇంటికి, పెళ్ళికి, రైల్వే స్టేషన్‌కి కూడా వెళ్ళినవాళ్ళు ఉంటారు.

వైవాకి వచ్చే ఎక్స్‌టర్నల్ మీ డిసర్టేషన్ మొత్తం చదివి ఉంటారని అనుకోకండి, అక్కడే మధ్యలో ఏదో టేబుల్ తీసి "ఇదేంటి?" అంటారు. ఈ మండలమే ఎందుకు, ఇంతమందే ఎందుకు, మీకు ముందు తెలియనిది ఏం తెలిసింది, ఈ మూడూ తప్పకుండా వస్తాయి. మూడోదానికి రెండు వాక్యాల్లో, మీ రెండు ఊళ్ళ పేరు చెప్పి జవాబివ్వగలగాలి. రాష్ట్రం మొత్తానికి ఇదే పరిస్థితి అనకండి, మీరు చూసింది రెండు ఊళ్ళే. తెలియనిది అడిగితే "అది నా డేటాలో లేదు సార్" అనండి, గైడ్ పక్కనే కూర్చుని ఉంటారు, వాళ్ళకీ ఆ జవాబే నచ్చుతుంది. ముందురోజు గైడ్‌ని పావుగంట అడిగి ఒక మాక్ చేయించుకోగలిగితే ఇంకా మంచిది, స్కాలర్స్‌తో అయినా సరే.

ఎక్స్‌టర్నల్ చెప్పిన మార్పుల్ని రూమ్‌లోంచి బయటికి రాకముందే రాసుకుని గైడ్‌తో సరేనా అని అడగండి, ఆ వారంలోనే చేసెయ్యండి. ఎండాకాలం సెలవలకి గైడ్ వెళ్ళిపోతే సంతకం ఆగుతుంది, సంతకం ఆగితే లైబ్రరీ కాపీ ఆగుతుంది, లైబ్రరీ నో డ్యూస్ ఇవ్వకపోతే ప్రొవిజనల్, టీసీ రెండూ ఆగుతాయి.